దీవిలో ఎవరూ లేరన్నది అబద్ధం

‘ది బ్లూ లగూన్’ ప్రస్తావన ఎప్పుడొచ్చినా మన సినిమా ప్రేమికులు ఒకే మాట అంటారు. 1980లో విమర్శకులు ఆ సినిమాను చీల్చి చెండాడారు గానీ జనం నెత్తిన పెట్టుకున్నారట. అందులో ఉన్నది కల్మషం లేని ప్రేమ కాబట్టి పెట్టుకున్నారట. ఓడ తగలబడి దిక్కులేని దీవికి చేరిన ఇద్దరు పసివాళ్లు, చెప్పేవాళ్లు లేక, అడ్డుపడేవాళ్లు లేక, తమంతట తాము ఎదిగి ఒకరికొకరు దగ్గరయ్యారు. అది ప్రకృతి ధర్మం, దాన్ని తప్పుపట్టేవాళ్ల చూపులోనే తప్పుంది అని వాదిస్తారు. పాత సినిమాల మీద వ్యాసాల్లో ఈ మాటే, నలుగురు కూర్చున్న చోట కబుర్లలోనూ ఈ మాటే. చదువుకున్నవాళ్లు, మంచివాళ్లు, ఆడపిల్లల తండ్రులు కూడా అంటారు.

ఈ మాట పూర్తిగా తప్పు. సినిమా మీద ఎవరి ఇష్టం వాళ్లదని వదిలేయదగిన తప్పు కూడా కాదు. నేను బడిలో పాఠం చెప్పే అనంతపురం జిల్లా విడపనకల్లు నుంచి సముద్రం ఎటు చూసినా మూడు వందల కిలోమీటర్ల ఆవలే ఉంది. కానీ ఆ దీవి కథను సమర్థించే వాదన ఇక్కడ ప్రతి ఊళ్లో ఇంటి అరుగుల మీద వినబడుతుంది. పదిహేనేళ్ల పిల్లను తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి పెళ్లిపీటల మీద కూర్చోబెట్టేటప్పుడు పెద్దలు చెప్పేది కూడా సరిగ్గా అదే: ఈడొచ్చింది, ప్రకృతి ధర్మం, మనదేముంది.

కథ పాతది. ఓడల్లో డాక్టరుగా పనిచేసిన ఐరిష్ రచయిత హెన్రీ డివేర్ స్టాక్‌పూల్ 1908లో రాసిన నవల. 1923లో మూకీగా వచ్చింది, 1949లో జీన్ సిమన్స్ నాయికగా మళ్లీ వచ్చింది. 1980లో ‘గ్రీజ్’ దర్శకుడు రాండల్ క్లైజర్ తీసినదే లోకమంతా తిరిగింది. 45 లక్షల డాలర్లు పెడితే అమెరికాలోనే 5 కోట్ల 80 లక్షల డాలర్లకు పైగా రాబట్టింది. 1984లో హిందీవాళ్లు ‘తేరీ బాహోఁ మే’ అని దాని అచ్చులోనే ఒకటి తీశారు. 1991లో కొనసాగింపు, 2012లో టీవీ సినిమా. ఇంతమంది మళ్లీ మళ్లీ చేయి పెట్టారంటే కథలో ఆకర్షణ ఉన్నట్టే. పెద్దవాళ్ల అదుపు లేని చోట కొన్నాళ్లు బతకాలని ఏ పిల్లకు, ఏ పిల్లవాడికి ఉండదు? ఆ కోరికతో నాకు తగాదా లేదు. కోరిక పిల్లలదైతే తెర మీద తీరింది పెద్దవాళ్లది. నా తగాదా అక్కడ.

ఎమ్మెలిన్ పాత్ర వేసిన బ్రూక్ షీల్డ్స్ 1965 మే నెలలో పుట్టింది. చిత్రీకరణ నాటికి ఆమెకు 14 ఏళ్లు. పక్కన నాయకుడు క్రిస్టఫర్ అట్కిన్స్‌కు 18. ఆమె పొడుగు జుట్టును గాలికి కదలకుండా ఒంటికి జిగురుతో అతికించి కెమెరా ముందు నిలబెట్టేవారు. కొన్ని దృశ్యాలకు వయసులో పెద్దవాళ్లయిన డూపులను వాడారు. నెస్టర్ అల్మెండ్రోస్ వంటి మహా ఛాయాగ్రాహకుడు వెలుతురు చూసుకుని తీసిన చిత్రం అది. ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. జిగురు, డూపు, కాంట్రాక్టు, మేకప్, లెన్సు, వెనకాల స్టూడియో, ఆ పైన పంపిణీదారు. ఇంతమంది పెద్దవాళ్లు ఇన్ని చేతులతో పేర్చినదాన్ని ‘ఎవరూ లేని చోట తనంతట తాను పూసిన పువ్వు’ అని ఎలా నమ్ముతాం? సెన్సారు సంగతి చూడండి. అమెరికాలో దానికి ‘ఆర్’ సర్టిఫికెట్ ఇచ్చారు. అంటే 17 ఏళ్ల లోపు వాళ్లు పెద్దల తోడు లేకుండా చూడకూడదు. విడుదల నాటికి ఆ పిల్లకు 15. తాను నటించిన సినిమాకు తాను ఒంటరిగా వెళ్లి టిక్కెట్టు కొనుక్కునే అర్హత ఆమెకు లేదు. చూడడానికి చాలని వయసు చూపించడానికి మాత్రం ఎలా చాలింది? సమర్థకులు ఈ ఒక్క ప్రశ్నకైనా జవాబు చెప్పాలి.

ఆమె ఏమంటుందో కూడా వినాలి కదా. 2023లో వచ్చిన ‘ప్రెటీ బేబీ: బ్రూక్ షీల్డ్స్’ అనే డాక్యుమెంటరీలో, ఆ సినిమా చేసినవాళ్లు తన నిజ జీవితపు యవ్వనోదయాన్నే జనానికి అమ్మజూశారని ఆమె స్పష్టంగా చెప్పింది. అలాంటి సినిమా ఇవాళ తియ్యనివ్వరని కూడా అంది. అప్పుడామెకు యాభై ఏడేళ్లు. ఇద్దరు ఆడపిల్లల తల్లి. అమాయకత్వం గురించి మనకు చెప్పే హక్కు ఈ భూమ్మీద ఎవరికైనా ఉంటే ఆమెకుంది. ఆమె నోరు విప్పాక కూడా ‘అబ్బే, అది అమాయక ప్రేమే’ అని బయటివాళ్లు అంటున్నారంటే వాళ్లు కాపాడుకుంటున్నది ఆమె అమాయకత్వాన్ని కాదు, తమ జ్ఞాపకాన్ని.

అలాగని నేను 1980 నాటి విమర్శకుల పక్షాన నిలబడడం లేదు. వాళ్లు చాదస్తులు కాబట్టి తిట్టారన్న మాట ఒట్టిది. రోజర్ ఈబర్ట్ దాన్ని ఆ ఏటి అతి తెలివితక్కువ సినిమా అన్నాడు. ఆయన అభ్యంతరంలో సింహభాగం కథలోని డొల్లతనం మీద. కథ డొల్లదే, ఒప్పుకుంటాను. కానీ డొల్లతనం కంటే పెద్ద నేరం కళ్లెదుట ఉంటే తెలివి తూకం వేస్తూ కూర్చున్నారు. అంతకంటే ఘోరం తర్వాత జరిగింది. నాసిరకం సినిమాలను ఎగతాళి చేసే ‘ర్యాజీ’ అవార్డులు 1981లో మొదలయ్యాయి. మొట్టమొదటి ‘అతి చెడ్డ నటి’ బహుమతి ఎవరికిచ్చారు? ఈ పదిహేనేళ్ల పిల్లకు. తీసిన దర్శకుడు పెద్దవాడు, డబ్బు చేసుకున్న కంపెనీ పెద్దది, నవ్వులపాలైంది మాత్రం అందరిలోకీ చిన్నది. ఆ అవార్డులవాళ్లకు బుద్ధి రావడానికి నలభై రెండేళ్లు పట్టింది. 2023లో ఒక పన్నెండేళ్ల బాలికను నామినేట్ చేసి, నాలుగు దిక్కుల నుంచీ చీవాట్లు తిని, 18 ఏళ్ల లోపు వాళ్లను ఇక పరిగణించబోమని నియమం పెట్టుకున్నారు. మెచ్చినవాళ్లు ఆ పిల్లను ప్రకృతి అన్నారు, తిట్టినవాళ్లు చేతకాని నటి అన్నారు. పిల్ల అని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇక ‘ఎవరూ లేని దీవి’ సంగతి. కథలోనే ఆ దీవి ఖాళీగా లేదు. అవతలి ఒడ్డున స్థానికులు ఉంటారు. డప్పులు కొట్టి నరబలి ఇచ్చే బూచులుగా తప్ప వాళ్లకు సినిమాలో మరో పని లేదు. ఇద్దరు తెల్ల పిల్లల స్వర్గం నిలబడాలంటే ఆ నేల మీద పుట్టినవాళ్లంతా దయ్యాలు కావాలి. చిత్రీకరణ జరిగింది ఫిజీలో, యాసవా దీవుల్లోని ననుయా లెవులో. ఫిజీ అనగానే తెలుగువాడికి గుర్తు రావలసింది నీలి మడుగు కాదు, గిర్మిట్. 1879 నుంచి 1916 దాకా అరవై వేల పైచిలుకు భారతీయులను అయిదేళ్ల ఒప్పందం మీద చెరకు తోటల్లో కూలికి దింపారు. 1903 నుంచి మదరాసు రేవు నుంచీ ఓడలు కదిలాయి. ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. స్టాక్‌పూల్ నవల అచ్చయిన 1908లో కూడా ఆ ఓడలు నడుస్తూనే ఉన్నాయి. నిజమైన ఓడ మునకా జరిగింది. 1884లో ‘సిరియా’ అనే కూలీల ఓడ నసిలాయ్ దిబ్బకు కొట్టుకుని పగిలితే 59 మంది చచ్చిపోయారు. కథ కావాలనుకున్న రచయితకు దక్షిణ సముద్రాల్లో దిక్కులేకుండా ఒడ్డుకు చేరిన పిల్లలు కరువు కాలేదు. కాకపోతే వాళ్లు నల్లగా ఉన్నారు, చేతిలో చెరకు కత్తి పట్టుకుని ఉన్నారు.

  

మన పురాణంలో ఆ దీవి కథకు సాటి కథ ఉంది. అది ఈ సినిమా కన్నా వెయ్యిరెట్లు నిజాయితీ గలది. మహాభారతం ఆరణ్యపర్వంలోని ఋష్యశృంగుడు. తండ్రి విభాండకుడు తప్ప మరో మనిషిని ఎరగకుండా అడవిలో పెరిగిన కుర్రవాడు. ఆడది అంటే ఏమిటో తెలియదు. లోకం చెయ్యి పడని ఎదుగుదల అంటే అంతకంటే ఏం కావాలి? ఆ కుర్రవాడి దగ్గరకు ఒక పడవ వస్తుంది. పడవ మీద ఆశ్రమం కట్టి, చెట్లూ పూలూ పెట్టి, అందులో వేశ్యలను కూర్చోబెట్టి పంపారు. పంపింది అంగరాజు రోమపాదుడు. ఎందుకు? అతని రాజ్యంలో వాన లేదు. ఆ బ్రహ్మచారి అడుగు పెడితే వాన పడుతుందని చెప్పారు. వ్యాసుడు దాచలేదు. కుర్రవాడి కంటికి అది వింత ఆశ్రమమే, కొత్త మునికుమారుడే; వినేవాళ్లకు మాత్రం పడవ వెనకాల రాజు, రాజు వెనకాల కరువు అన్నీ కనబడతాయి. తమ అవసరం కోసం ఒక పసివాడి తెలియనితనాన్ని పెద్దవాళ్లు ఎలా వాడుకుంటారో విప్పి చెప్పిన కథ అది. ‘బ్లూ లగూన్’ చేసింది దీనికి తలకిందులు. పడవను చూపించి రాజును దాచేసింది. కరువు సీమలో పెరిగినవాణ్ణి కాబట్టి ఋష్యశృంగుడి కథ నాకు వేరుగా అర్థమవుతుందేమో. వాన కోసం పెద్దవాళ్లు ఎంతకైనా తెగిస్తారని ఈ నేల మీద ఎవరూ చెప్పనక్కరలేదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అదీ పడవలసినప్పుడు పడదు. వేరుశనగ పెరికి, కాయలు లెక్క చూసుకుని, అప్పు ముందు అవి చాలవని తేలాక డోనేకల్లు, పాల్తూరు, హావళిగి, గడేకల్లు ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడడం మొదలవుతుంది. కొందరు బెంగళూరు కట్టడాల పనికి, కొందరు బళ్లారి వైపు, కొందరు గుంటూరు సీమ మిరపకోతలకు. సుగ్గికి పోవడం అంటారు ఇక్కడ. మేస్త్రి ముందే ఇచ్చిన డబ్బు ఇంట్లో ఖర్చయిపోయి ఉంటుంది కాబట్టి పోకుండా ఉండే వీలు లేదు. మొగుడూ పెళ్లామూ పోతారు. పిల్లలు ఉండిపోతారు, చూపు సరిగా ఆనని అవ్వ దగ్గరో, ఎవరూ లేకపోతే పెద్దపిల్ల మీద చిన్నవాళ్లను వదిలేసో. పెద్దవాళ్లు లేని దీవి కావాలా? రండి, దసరా దాటాక ఈ మండలంలో ఏ వీధికైనా రండి. పెద్దవాళ్లు లేని ఇళ్లు కావలసినన్ని ఉన్నాయి. ఆ ఇళ్లలో ఏం పూస్తుందో చూడండి.

ఎనిమిదో తరగతి పిల్ల తెల్లారకముందే లేచి నీళ్లు పడుతుంది, తమ్ముడికి అన్నం వండుతుంది, అవ్వకు మందు బిళ్ల ఇస్తుంది, మొదటి గంట కొట్టాక బడికొస్తుంది. కొన్నాళ్లకు రెండో గంటకు వస్తుంది. తర్వాత హాజరుపట్టీలో ఆమె పేరుకెదురుగా వరసగా ఎర్రసిరా గుర్తులు. ఆ మధ్యలో పెద్దమనిషి అవుతుంది. సినిమాలో ఎమ్మెలిన్ అది ఏమిటో తెలియక నీళ్లలో నిలబడి భయపడిపోతుంది. ఇక్కడ పిల్లకు తెలియకపోవచ్చు గానీ ఊరికి తెలుస్తుంది. తల్లీతండ్రీ నాలుగు రోజులకు పనిచోటు నుంచి దిగుతారు, మేనమామ చీర తెస్తాడు, ఓణీల ఫంక్షనుకు ఫ్లెక్సీ కడతారు. ఆ ఫ్లెక్సీలో మధ్యన పిల్ల బొమ్మ నిలువెత్తున, చుట్టూ చిన్న చిన్న వృత్తాల్లో మామలు, బాబాయిలు, ఊరి నాయకులు. పదమూడేళ్ల పిల్ల ఒంట్లో వచ్చిన మార్పును కరెంటు స్తంభానికి కట్టి దారిన పోయే వాళ్లందరికీ చూపిస్తాం. దీన్ని వేడుక అంటాం. ఫిజీలో కెమెరా చేసిన పని మనం రెండు వేల రూపాయల ఫ్లెక్సీతో చేస్తున్నాం.

ఆ తర్వాతి సుగ్గికి ప్రశ్న వస్తుంది. ‘ఈడొచ్చిన పిల్లను ఇంట్లో ఇడిసిపెట్టి ఎట్ల పోయేది సార్? కడుపులో నిప్పు పెట్టుకున్నట్టు ఉంటాది.’ ఈ మాట అనే తండ్రి దుర్మార్గుడు కాడు. భయపడుతున్నాడు. వెంట తీసుకుపోతే కట్టడం పక్కన రేకుల కొట్టంలో తలుపు లేదు. వదిలిపోతే ఊళ్లో కాపలా లేదు. పెళ్లి చేస్తే బరువు ఇంకొకరి మీద పడుతుంది. మేనబావ ఉండనే ఉన్నాడు. పుట్టినప్పుడే అనుకున్నది కదా, చిన్నప్పటి నుంచీ కలిసే పెరిగారు కదా. చూడండి, దీవి కథ మొత్తం ఇందులో ఉంది. నవల్లోనూ ఆ ఇద్దరు పిల్లలు దగ్గరి చుట్టాలే, కలిసి పెరిగినవాళ్లే, ఎదిగాక ఎలాగూ ఒకటయ్యేవాళ్లే. అక్కడ రచయిత జత కట్టాడు, ఇక్కడ పెద్దలు కడతారు. ఇద్దరూ ప్రకృతి పేరే చెబుతారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019-21లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని తేల్చింది. దేశం మొత్తం మీద అది 23.3. 15 నుంచి 19 ఏళ్ల మధ్య ఉన్న మన రాష్ట్రపు అమ్మాయిల్లో సుమారు 13 శాతం అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. బాల్య వివాహాల నిషేధ చట్టం వచ్చింది 2006లో. అంటే చట్టం వచ్చాక పెరిగిన పిల్లల లెక్క ఇది. సినిమాలో ఎమ్మెలిన్‌కు మంత్రసాని లేకుండా అడవిలో బిడ్డ పుడుతుంది, మర్నాటికి తల్లీ బిడ్డా వెలిగిపోతుంటారు. ఇక్కడ పదహారేళ్ల పిల్ల రక్తం లేక పాలిపోయి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి గుంతకల్లుకు, అక్కడి నుంచి అనంతపురానికి చీటీలు పట్టుకుని తిరుగుతుంది. ఎదగని ఒంటికి కాన్పు ఎంత ప్రమాదమో ఏ నర్సమ్మనైనా అడగండి. ఒళ్లు ఎదిగినంత మాత్రాన మనిషి సిద్ధమైనట్టు కాదన్నది వైద్యం చెప్పే మాట. ఒళ్లు ఎదిగితే చాలు, మిగతాది ప్రకృతి చూసుకుంటుందన్నది ‘బ్లూ లగూన్’ మాట. రెండూ నిజం కావడానికి వీల్లేదు.

ఇక్కడ ఒకరు లేచి, ‘మరి మీరూ సినిమాలు చూసి పిల్లలు చెడిపోతున్నారనే వాళ్ల జట్టేనా?’ అని అడుగుతారు. కానే కాను. ఆ జట్టు వల్ల జరిగిన చెడు నేను కళ్లారా చూస్తున్నాను. ఫోనులో ఏదో పాట చూసిందని, ఎవరితోనో మాట్లాడిందని పిల్లను బడి మాన్పించి హడావిడిగా తాళి కట్టించేది వాళ్లే. పిల్లల ప్రేమకు భయపడి పిల్లల పెళ్లి చేయడం ఏ రకం నివారణ? పదహారేళ్ల వయసులో మనసు ఒకరి వైపు లాగడం తప్పు కాదు, జబ్బు కాదు. దాన్ని చూసి పెద్దవాళ్లు వెంటనే ఏదో ఒకటి చేసెయ్యాలనుకోవడమే ఆపద. కెమెరా పెట్టినా చేసెయ్యడమే, పీటల మీద కూర్చోబెట్టినా చేసెయ్యడమే. ఊరుకోవడం, కనిపెట్టుకుని ఉండడం, ఆ లాగుడు చదువును మింగకుండా చూడడం, ఇవి ఎవరికీ చేతకావడం లేదు.

తెలుగు సినిమా ఈ వయసును చాలాసార్లు పట్టుకుంది. విచిత్రమేమిటంటే జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రాలుగా నిలిచిన 1981 నాటి ‘సీతాకోకచిలుక’, 2021 నాటి ‘ఉప్పెన’ రెండూ సముద్రపు ఒడ్డున పుట్టిన లేత ప్రేమల కథలే. భారతీరాజా తీసినదానిలో మతం అడ్డం, బుచ్చిబాబు తీసినదానిలో కులం అడ్డం. నాకు ఈ రెండింటి మీదా గౌరవం ఉంది. అవి సముద్రాన్ని చూపించి సంఘాన్ని దాచలేదు. అలల ముందు తండ్రి నిలబడే ఉంటాడు, ఊరు నిలబడే ఉంటుంది. 2000లో తేజ ‘చిత్రం’ మరో అడుగు వేసింది. ఇంటరు వయసు జంటకు బిడ్డ పుడితే ఇల్లెలా గడవాలి, చదువేం కావాలి అని నవ్విస్తూనే అడిగింది. ఆ ప్రశ్నను ‘బ్లూ లగూన్’ అడగనే అడగదు. దీవిలో కొబ్బరికాయలు ఊరికే దొరుకుతాయి మరి. అయితే మనవాళ్లూ కడిగిన ముత్యాలేం కారు. ‘ఉప్పెన’ చిత్రీకరణ నాటికి నాయికగా వేసిన అమ్మాయికి 18 నిండలేదు. సినిమా బాగుందని ఈ ఒక్క సంగతిని పక్కన పెట్టలేను. బ్రూక్ షీల్డ్స్ విషయంలో అమెరికా నలభై ఏళ్లకు నేర్చుకున్న పాఠం మనం ఇప్పటికీ మొదలుపెట్టనే లేదు. పదహారూ పదిహేడేళ్ల అమ్మాయిలను వయసు మళ్లుతున్న నాయకుల సరసన నిలబెట్టిన చరిత్ర మన పరిశ్రమది. దాన్ని గురించి వ్యాసాలు రావు, సన్మానాలు వస్తాయి.

లేత ప్రేమ మీద సినిమాలు తీయవద్దని ఎవరన్నారు? తీయండి. విడపనకల్లులోనే తీయండి, కథ నేనిస్తాను. దసరా వెళ్లిన మర్నాడు తెల్లవారుజామున ట్రాక్టరెక్కి తల్లీతండ్రీ సుగ్గికి పోతారు. పద్నాలుగేళ్ల అక్క, పదేళ్ల తమ్ముడు, అవ్వ మిగులుతారు. పక్కింటి కుర్రవాడు సైకిలు మీద బిందెలు మోసుకొచ్చి ఇస్తాడు. ఆ పిల్లకు వాడంటే ఇష్టం, వాడికీ ఇష్టం, ఇద్దరికీ ఆ మాట చెప్పడం రాదు. మేనమామ మాత్రం ముహూర్తం అడుగుతూ ఫోను చేస్తాడు. మేస్త్రి అడ్వాన్సు ఎంత, కాయలు బస్తా ఎంతకు అమ్మారు, వలసపోయినవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టలు ఏ నెలలో తెరిచారు, ఆడపిల్లలు ఉండి చదువుకునే కస్తూర్బా బడిలో సీటు వచ్చిందా లేదా, ఇవన్నీ కథలో ఉండాలి, అవి లేకపోతే ఆ ప్రేమ అర్థం కాదు. సుగ్గి జనం కదిలేది పంట పెరకగానే. హాస్టలు అనుమతి అంతకు నెల ముందు రావాలి, నెల తర్వాత కాదు. వస్తే ఆ పిల్ల తొమ్మిదో తరగతి దాటుతుంది, రాకపోతే దాటదు. కథలో మలుపు అదే, దానికి తుపాను అక్కరలేదు. ఆ పిల్ల పాత్రకు 18 నిండిన నటిని తీసుకోవాలి, సెట్టు మీద ఆమె వద్దన్న షాటు తీయకూడదు. ముందుగా మా బడి ఆవరణలో, సుగ్గి నుంచి జనం తిరిగొచ్చే ఎండాకాలంలో, తల్లీతండ్రులను పిల్లల పక్కన కూర్చోబెట్టి దాన్ని ఆడించాలి.